పక్షిలోకబంధువు సలీం అలీ

హైదరాబాదు నగరమునకు తూర్పు భాగమున, నాగార్జునసాగరమునకు పోవు బాటపై చంపాపేట్ అను పేట గలదు. నేడది మేడలతోను, అంగళ్లతోను, బండ్ల రొదతోను నిండియున్నది. అయినను పాత ప్రహరీగోడల వెంబడిని, ఇండ్లు లేవని ఖాళీస్థలములందును, దాపుననే యున్న సరూర్‌నగర్ చెరువు వైపునను రేగు, తుమ్మ, సర్కారుకంప మొదలగు ముండ్లపొదలు అచ్చటచ్చట మిగిలియున్నవి. ఆశ్వయుజ కార్తికమాసములలో తెల్లవారుజామున అట్టి పొద చెంత కదలక నిలిచి చెవియొగ్గినచో, ఎవరో నాలుక చప్పరించినట్లు చెక్, చెక్ అని యొక చిన్న సద్దు వినవచ్చును. సద్దు చేసిన పక్షి మాత్రము కనబడదు. చాలసేపు ఓపికతో వేచియున్నచో ఆకుల నడుమ ఒక మట్టిరంగు పిట్ట పురుగును పొడుచుకొని క్షణములో మాయమగును.

ఆ పిట్టకు చెప్పదగిన వన్నెచిన్నెలు లేవు. వీపు గోధుమవన్నె, పొట్ట తెలుపు, కంటిపైన కనబడీ కనబడని లేతగీత యొకటి. దాని బరువు సాధారణముగా సుమారు పది పన్నెండు గ్రాములు. అయినను అది మన యూరి పిట్ట కాదు. రష్యా, సైబీరియా మొదలగు ఉత్తరదేశములలో వేసవియందు గూడు కట్టి, పిల్లలను పెంచి, అచ్చట చలి మొదలిడునప్పటికి వేల కిలోమీటర్లు రాత్రులందు ఎగిరి మన దేశమునకు వచ్చును. మరల ఎండలు ముదురునప్పటికి వెడలిపోవును. తన నెలవున అది మధురముగా పాడును. ఇతర పక్షుల గొంతులను గూడ అనుకరించును. మన కడ గడపు చలికాలమున మాత్రము దాని పాట వినబడుట అరుదు.

పందొమ్మిదవ శతాబ్దమున నెల్లూరులో వైద్యుడుగా పనిచేసిన జెర్డన్ అను దొర పక్షిశాస్త్రమునందు దిట్ట. ఆయన తన గ్రంథమున ఈ పిట్టకు తెలుగువారి పేరు కంపజిట్ట అని వ్రాసెను. కంపలో తిరుగు జిట్ట గనుక కంపజిట్ట. కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ వస్తుప్రదర్శనశాలకు అధికారియైన ఎడ్వర్డ్ బ్లైత్ 1849లో దానికి శాస్త్రీయనామ ముంచెను. ఆ లాటిన్ పేరునకు గూడ పొదలలో నుండునది యనియే అర్థము. పల్లెజనులును పండితుడును ఒకే పోలికను చూచి, ఒకే పేరు పెట్టిరి. కాని కాలక్రమమున మనవారు ఆ పేరును మరచిరి. పేరు మరచిన పిట్టను గూర్చి ఎవరు విచారింతురు? అది యున్నదో పోయినదో ఎవరికి తెలియును?

మన దేశపు పక్షులను పేరుపేరున గుర్తించుటను సామాన్యజనులకు నేర్పి, వాని నెలవులను కాపాడుటకై జీవితమంతయు ధారవోసిన మహనీయుడు సలీం అలీ. ఒకప్పుడు మన హైదరాబాదు రాజ్యమందంతటను తిరిగి ఇచ్చటి పక్షులను లెక్కకు తెచ్చినవాడును ఆయనయే. ఆ పుణ్యపురుషుని చరిత్రము మనము తెలిసికొనదగినది.

సలీం అలీ 1896 నవంబరు 12వ తేదీన బొంబాయి నగరమున జన్మించెను. తోబుట్టువులు తొమ్మిదిమందిలో ఆతడే కడగొట్టువాడు. ఏడాది నిండునప్పటికి తండ్రియు, మూడేండ్లు నిండునప్పటికి తల్లియు గతించిరి. తల్లిదండ్రులు లేని ఆ పిల్లలను మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీయు, ఆయన భార్య హమీదా బేగమును చేరదీసి, తమ కడుపున పుట్టినవారివలె పెంచిరి.

అమీరుద్దీన్ వేటయందు ప్రీతి గలవాడు. మేనల్లునికి ఆయన ఒక గాలితుపాకి కొనియిచ్చెను. బాలునికి అదియే లోకమయ్యెను. ఇంటి చుట్టును తిరుగు ఊరపిచ్చుకలే వాని గురికి ఎరలు. గుఱ్ఱపుసాలలో ఒక ఆడపిచ్చుక గ్రుడ్లు పొదుగుచుండగా, కావలి యున్న మగపిచ్చుకను ఆతడు కాల్చెను. కొలది సేపటికి మరియొక మగపిచ్చుక దాని చోటికి వచ్చెను. దానిని గూడ కాల్చెను. ఏడు దినములలో ఎనిమిది మగపిచ్చుకలు ఆ చోటనే రాలెను. ఆతడు ఆ సంగతిని తేదీతో సహా పుస్తకమున వ్రాసికొనెను. ఆ చేష్ట క్రూరమైనదే. కాని చూచినదానిని చూచినట్లు వ్రాసియుంచు అలవాటు ఆ పదియేండ్ల ప్రాయముననే వానికి పట్టువడినది.

ఒకనాడు ఆతడు కాల్చిన పిచ్చుక తక్కిన వానివలె లేదు. దాని గొంతుపై పసుపుచుక్క యొకటి మెరయుచుండెను. ఇది ఏమి పక్షి? దీనిని తినవచ్చునా? బాలుడు పక్షిని చేతబట్టుకొని మామ కడకు పోయెను. మామకును దాని పేరు తెలియలేదు. ఆయన బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమున సభ్యుడు గనుక, ఆ సంఘపు కార్యదర్శియైన మిల్లర్డ్ దొరకు ఒక ఉత్తరము వ్రాసి, పక్షితో గూడ బాలుని అచ్చటికే పంపెను.

ఆ దినములలో తెల్లదొర కార్యాలయమున అడుగిడుట భారతీయ బాలునికి సామాన్యమైన మాట కాదు. సలీం భయపడుచు లోనికి పోయెను. మిల్లర్డ్ వానిని ఆదరముతో పిలిచి, పక్షిని చూచి, అది పసుపుగొంతు పిచ్చుక యని చెప్పెను. అంతటితో విడువక, బీరువాల అరలు ఒక్కొక్కటిగా లాగి, దూది కూరి భద్రపరచిన వందలకొలది పక్షులను చూపెను. ఒక్క పిచ్చుకజాతియందే ఇన్ని భేదములా యని బాలుడు నివ్వెరపోయెను. మిల్లర్డ్ వానికి పుస్తకము లిచ్చెను. పక్షిచర్మమును చెడకుండ నుంచు పద్ధతిని నేర్పించెను. చంపిన పక్షి పేరు తెలిసికొనగోరిన ఆ యొక్క ప్రశ్నయే సలీం అలీ జీవితమార్గమును నిర్ణయించెను.

చదువునందు ఆతడు అంతగా రాణింపలేదు. తరచు తలనొప్పి బాధించుచుండెను. 1913లో మెట్రిక్యులేషన్ పరీక్ష అతికష్టముమీద గట్టెక్కెను. కళాశాలలో చేరెను గాని, గణితమున లాగరిథములు వానికి కొరకరాని కొయ్యలయ్యెను. చదువు మాని బర్మాదేశమునకు పోయి, తవాయ్ ప్రాంతమున అన్నగారు నడుపుచున్న గనుల వ్యాపారమునందును, కలప వ్యాపారమునందును తోడ్పడెను. మనసు మాత్రము లెక్కల పుస్తకమున కంటె చుట్టునున్న అడవులలోని పక్షులపైననే యుండెను. వ్యాపారము నష్టపడెను. 1917లో బొంబాయికి మరలివచ్చి, వాణిజ్యవిద్య నభ్యసించుచునే సెయింట్ జేవియర్ కళాశాలలో ఫాదర్ బ్లాటర్ ప్రోత్సాహమున జంతుశాస్త్రము చదివెను. 1918లో తెహ్మినా బేగముతో వివాహమయ్యెను. ఆమె విద్యావతి, భర్త మనసెరిగిన ఇల్లాలు.

విశ్వవిద్యాలయపు పట్టము లేనందున సలీం అలీకి జంతుశాస్త్రశాఖలో కొలువు దొరకలేదు. 1926లో బొంబాయిలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియమున, కొత్తగా తెరచిన ప్రకృతిచరిత్ర విభాగమునందు, సందర్శకులకు వివరించి చెప్పు ఉద్యోగము లభించెను. రెండేండ్లు గడచునప్పటికి తన జ్ఞానము చాలదని ఆయనకే తోచెను. 1928లో సెలవు పెట్టి జర్మనీదేశమునకు పోయి, బెర్లిన్ మ్యూజియమున ఎర్విన్ స్ట్రెసెమాన్ అను పక్షిశాస్త్రాచార్యుని కడ శిష్యుడయ్యెను. పక్షిని చంపి పెట్టెలో పెట్టుటతో శాస్త్రము ముగియదనియు, బ్రతికియున్న పక్షి ఎట్లు తినునో, ఎట్లు గూడు కట్టునో, ఎచ్చటినుండి వచ్చి ఎచ్చటికి పోవునో తెలిసికొనుటయే అసలైన విద్య యనియు ఆ గురువు కడ ఆయన గ్రహించెను. ఉత్తరసముద్రమునందలి హెలిగోలాండ్ ద్వీపమున వలసపక్షులను పట్టి, కాళ్లకు కడియములు తొడిగి విడుచు విధానమును గూడ కన్నులార చూచెను.

తిరిగివచ్చునప్పటికి మ్యూజియమున ధనము చాలక ఆయన ఉద్యోగము తీసివేయబడెను. ముప్పదినాలుగేండ్ల ప్రాయమున, ఇల్లాలితో, చేతిలో పని లేక నిలువవలసి వచ్చెను. దంపతులు బొంబాయికి ఎదుటి తీరముననున్న కీహిమ్ గ్రామమునకు పోయి, సముద్రపుటొడ్డున ఒక ఇంట కాపురముండిరి. ఇంటి దాపున ఒక చెట్టుకు గిజిగాని గూళ్లు వ్రేలాడుచుండెను. పని లేని ఆ నెలలను ఆయన వ్యర్థముగా గడపలేదు. మాటున కూర్చుండి దినదినమును ఆ పక్షుల సంసారమును పరికించెను. మగగిజిగాడు గూడును సగము అల్లి ఆపునట! ఆడుపక్షి వచ్చి, లోనికి దూరి, నచ్చినచో ఆ గూటిని స్వీకరించును. అటుపిమ్మటనే మగపక్షి దానిని పూర్తిచేయును. ఆడుపక్షి గ్రుడ్లు పెట్టి పొదుగుచుండగా తాను మరియొక గూడు మొదలుపెట్టును. వేలయేండ్లుగా మన రైతులు తమ బావుల గట్లపై చూచుచున్న గిజిగాని గూటి రహస్యము ఇట్లు శాస్త్రమున కెక్కెను. ఆ వ్యాసము వలన ఆయన పేరు విదేశములందును వినబడెను.

అప్పటికి దేశమున చాల సంస్థానములలో పక్షుల పట్టిక యన్నదే లేదు. తూర్పుకనుమల పక్షులను గూర్చి కొంత పరిశోధన జరిగెను గాని, దానికి పడమటనున్న నిజాముగారి హైదరాబాదు రాజ్యము శాస్త్రజ్ఞుల దృష్టిలో ఖాళీ కాగితముగానే యుండెను. సుమారు 82 వేల చదరపు మైళ్ల విస్తీర్ణము, తెలుగు, మరాఠీ, కన్నడ సీమలు, గోదావరీ కృష్ణానదులు, నల్లమల కొండలు, ఎండు మైదానములు. ఇంతటి దేశమున ఏ పక్షి యెచ్చట నుండునో చెప్పువారు లేరు. సలీం అలీ ప్రకృతిచరిత్ర సంఘమువారి కొక సూచన చేసెను. తనకు జీతము వలదు. ప్రయాణపు ఖర్చులును, డేరా ఖర్చులును సంస్థానమువారు భరించినచో తాను పోయి పని ముగించుకొని వచ్చును. ఉద్యోగము లేనివాడు జీతము వలదనుట వింతగా తోచవచ్చును. ఆయనకు మాత్రము ఆ పనియే జీతము. హైదరాబాదు ప్రభుత్వము అంగీకరించెను. 1931-32 సంవత్సరములలో ఆ పరిశోధనము జరిగెను.

ఆనాటి ప్రయాణము నేటివంటిది కాదు. బాటలు తక్కువ, అడవి యెక్కువ. ఆదిలాబాదు అడవులలోని ఉట్నూరు, నల్లమలలోని అమ్రాబాదు పీఠభూమి మొదలగు తావులలో డేరాలు వేసికొనవలసి వచ్చెను. తెహ్మినా బేగము గూడ భర్తవెంట అడవుల బట్టి తిరిగెను. వేకువనే లేచి ఆయన పొదల వెంట నడచును. మధ్యాహ్నమునకు డేరాకు చేరి, సేకరించిన పక్షులను కొలిచి, చర్మము తీయించి, ఒక్కొక్క దాని కాలికి చీటి కట్టును. ఏ తేదీ, ఏ ఊరు, ఆడుదా మగదా, ఎట్టి చెట్టుపైన నుండెను, ఏమి తినుచుండెను అను సంగతులన్నియు అందుండవలసినదే. దీపము ముందు కూర్చుండి రాత్రి దినచర్య వ్రాయును. చూచినది వేరు, ఊహించినది వేరు. ఊహించినదానిని చూచినట్లుగా ఆయన ఎన్నడును వ్రాయలేదు.

గద్దలు, నెమళ్లు, పాలపిట్టలు చూచినంతనే తెలియును. కష్టమంతయు చిన్నపిట్టల కడనే కలదు. చలికాలమున మన పొదలలో తిరుగు మట్టిరంగు పిట్టలు ఒకటి గావు, పలుజాతులు. కంపజిట్టను పోలినదే యొకటి తుంగలలో నుండును. అంతకంటె చిన్నదై, పాలిపోయిన రంగు గల మరియొకటి ఎండుతుమ్మలపై నుండును. అన్నిటికిని వీపు గోధుమవన్నెయే; పొట్ట తెలుపే. వీనిని వేరుపరచుటకు రంగు చాలదు. అది తుంగలో నున్నదా, కంపలో నున్నదా? కనుబొమ గీత కంటిని దాటిపోయినదా, కంటికడనే ఆగినదా? గొంతు ఎట్టిది? అప్పటికిని సందేహము తీరనిచో, చేతబట్టి రెక్కలోని ఈకల పొడవును ఒకదానితో నొకటి పోల్చి కొలువవలయును. ఒక ఈక పక్కఈక కంటె రవ్వంత పొట్టియైనచో జాతియే మారిపోవును. ఇంతటి సూక్ష్మమును విసుగక పరీక్షించినవాడే పక్షిశాస్త్రజ్ఞుడు.

ఈ పనిలో ఆయనకు తోడ్పడినవాడు హ్యూ విస్లర్. ఈయన పంజాబులో పోలీసు అధికారిగా నుండి భారతదేశపు పక్షులను గూర్చి గొప్ప పుస్తకము వ్రాసిన పండితుడు. అంతకు పూర్వమొకప్పుడు విస్లర్ వ్రాతలో నొక పొరపాటును సలీం అలీ ఎత్తిచూపెను. పేరులేని భారతీయ యువకుడు తన తప్పు పట్టుట మొదట ఆయనకు రుచింపలేదు. కాని పక్షుల నమూనాలను మరల పరీక్షించి, యువకుని మాటయే నిజమని తెలిసికొని, తన తప్పును ఒప్పుకొనెను. నాటినుండి వారు ప్రాణమిత్రులైరి. హైదరాబాదు రాజ్యమున సేకరించిన పక్షులను విస్లర్ పరీక్షించి టిప్పణములు వ్రాసెను. ఇరువురి కృషియు 1933, 1934 సంవత్సరములలో సంఘపు పత్రికయందు భాగములుగా వెలువడెను. నేటికిని తెలంగాణమున పక్షిని గూర్చి తెలిసికొనగోరువారు ఆ పుటలు తిరుగవేయుదురు. తొంబదియేండ్లనాడు ఏ పక్షి యెచ్చట నుండెనో తెలిసిననే గదా, నేడు ఏది తగ్గినదో తెలియుట!

హైదరాబాదు పిమ్మట కొచ్చిన్, తిరువాన్కూరు, గ్వాలియరు, ఇందూరు, భోపాలు మొదలగు సంస్థానముల పక్షులను గూడ ఆయన అట్లే పరిశీలించెను. ఇంతలో పిడుగువంటి ఆపద వచ్చెను. 1939లో ఒక చిన్న శస్త్రచికిత్స వికటించి తెహ్మినా బేగము మరణించెను. కొండలలో, కోనలలో డేరాను ఇల్లుగా మార్చిన సహచరి లేకుండెను. ఆయన కొంతకాలము కుంగిపోయెను. పిమ్మట చెల్లెండ్రు లేని ఆ కడగొట్టువానిని అక్క కమూయు, బావ హసన్ అలీయు తమ యింట నుంచుకొని ఆదరించిరి. దుఃఖమును మరచుటకు ఆయనకు తెలిసిన మందొకటే. అది పని.

1941లో ఆయన వ్రాసిన భారతీయ పక్షుల పుస్తకము వెలువడెను. అంతకు పూర్వమున్న గ్రంథములు పండితులకే గాని పామరులకు పనికిరావు, వెలయు ఎక్కువ. ఈ పుస్తకమున రంగుల బొమ్మ లుండెను. పక్షి ఎంత యుండునో కాకితోనో, పిచ్చుకతోనో, మైనాతోనో పోల్చి చెప్పబడెను. బడిపిల్లవాడు సైతము పుస్తకము చేతబట్టుకొని తోటలోనికి పోయి పక్షి పేరు తెలిసికొనగలిగెను. తరువాత అమెరికా పండితుడు డిల్లన్ రిప్లీతో గూడి భారత, పాకిస్థాన్ దేశముల పక్షులను గూర్చి పది సంపుటముల మహాగ్రంథమును రచించెను. 1968లో మొదటి సంపుటమును, 1974లో పదియవ సంపుటమును వెలువడెను. అందు 1,200కు పైగా పక్షిజాతుల వృత్తాంతము గలదు. నెమలికెంత చోటు లభించెనో, రంగు రూపులేని కంపజిట్టకును అంత శ్రద్ధతోడనే చోటు లభించెను.

వలసపక్షులను గూర్చి ఆయనకు చిన్ననాటనుండియు ఆసక్తి. 1957లో మైసూరు రాజ్యమునందలి క్యాసనూరు అడవిలో ఒక వింతజ్వరము పుట్టి, కోతులును మనుష్యులును మరణించిరి. ఆ వ్యాధిక్రిమి సైబీరియాలోని యొక జ్వరపుక్రిమిని పోలియుండెను. వలసపక్షుల ఒంటిమీది పిడుదులే దానిని మోసికొనివచ్చెనా యను శంక కలిగెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ సాయమున 1959 మొదలుకొని ప్రకృతిచరిత్ర సంఘమువారు పక్షులకు కడియములు తొడుగు పనిని పెద్దయెత్తున సాగించిరి. సలీం అలీ దానికి నాయకుడు. కంటికి కానరాని సన్నని వలలు కట్టి, చిక్కిన పక్షిని మెల్లగా విడదీసి, తూచి, రెక్క కొలిచి, కాలికి అంకె చెక్కిన తేలిక కడియము తొడిగి ఎగురవిడుతురు. ఆ కడియముపై బొంబాయి సంఘమునకు తెలుపుడని వ్రాసియుండును. ఎక్కడో దూరదేశమున ఆ పక్షి మరల దొరకినచో అచ్చటివారు ఉత్తరము వ్రాయుదురు. ఇట్లు వేలకొలది పక్షులకు కడియములు పడెను. పక్షులే జ్వరమును తెచ్చెననుటకు తగిన ఆధారము దొరకలేదు. కాని మన చెరువుల బాతులును, మన పొదల పిట్టలును ఏయే దేశములవో తెలియవచ్చెను. కొన్ని పక్షులు మరుసటి యేడు మరల ఆ తావునకే వచ్చుట గూడ కనుగొనబడెను.

చూడుడు! చిన్ననాడు గుఱ్ఱపుసాలలో తుపాకి పట్టిన చేయి, ముదిమిలో పిట్టను అరచేత నిలిపి, కాలికి కడియము తొడిగి, మెల్లగా ఎగురవిడిచెను. శాస్త్రమునకై పక్షులను సేకరించుటను ఆయన దోషముగా తలపలేదు. అట్టి సేకరణము లేనిదే నాడు జాతులను నిర్ణయించుట సాధ్యము గాదు. కాని వినోదమునకై చంపుటయు, విచారింపక నెలవును చెరచుటయు తగదని ఆయన దృఢముగా నమ్మెను.

నెలవును చెరచుట! అదియే ఆయనను మిక్కిలి కలవరపెట్టిన సంగతి. తుపాకి ఒక పక్షిని చంపును. చెరువు పూడ్చినచో, అడవి నరికినచో జాతియే నశించును. భరతపురమునందలి కేవలదేవ్ చిత్తడినేలలు ఒకప్పుడు రాజుల బాతులవేటకు నెలవు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఆ నీటిని ఎండగట్టి సాగుచేయవలెనను కోరిక పుట్టెను. సలీం అలీ ప్రధానమంత్రి నెహ్రూ కడ ఆ నెలవు విలువను వివరించి, దానిని నిలువబెట్టుటకు పాటుపడెను. నేడది జగత్ప్రసిద్ధమైన పక్షిసంరక్షణస్థలము. కేరళలో సైలెంట్ వ్యాలీ అడవిని ముంచివేయు ఆనకట్ట తలపెట్టినప్పుడు గూడ ఆయన అడవి పక్షమున నిలిచెను. ఆ ప్రయత్నము విరమింపబడి, 1984లో ఆ యడవి జాతీయవనముగా ప్రకటింపబడెను.

మన తెలుగుదేశమునకు సంబంధించిన ముచ్చట యొకటి గలదు. కలివికోడి యను పక్షి కడప, అనంతపురము సీమల ముండ్లపొదలలో నుండెడిది. జెర్డన్ కనుగొన్న ఆ పక్షి 1900 తరువాత ఎవరికిని కనబడలేదు. అది అంతరించినదనియే పలువురు తలచిరి. సలీం అలీ అధ్యక్షుడుగా నున్న ప్రకృతిచరిత్ర సంఘమువారు వెదకించిరి. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల దాపున, ఒక స్థానికుని సాయమున, అది మరల చిక్కెను. ఎనుబదియారేండ్లు ఆ పక్షి ఎచ్చటికిని పోలేదు. ఎవరును లెక్కింపని కంపచెట్ల నీడనే యుండెను. 1988లో ఆ ప్రాంతము శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యమయ్యెను. బీడని తలచి మనము నరికివేయు ముండ్లపొద కొన్ని ప్రాణులకు ఏకైక గృహమని ఈ వృత్తాంతము తెలుపుచున్నది.

దేశము ఆయనను తగినట్లు గౌరవించెను. 1958లో పద్మభూషణ బిరుదమును, 1976లో పద్మవిభూషణ బిరుదమును లభించెను. 1967లో బ్రిటిషు పక్షిశాస్త్రజ్ఞుల సంఘము స్వర్ణపతక మొసగెను. 1976లో లభించిన పాల్ గెట్టీ బహుమానపు 50,000 డాలర్లను ఆయన తనకై యుంచుకొనక ప్రకృతిసంరక్షణకే వినియోగించెను. 1985లో రాజ్యసభ సభ్యుడుగా నియమింపబడెను. పట్టము లేదని ఒకనాడు కొలువు దొరకని వానిని విశ్వవిద్యాలయములే పిలిచి గౌరవపట్టము లిచ్చెను. 1987 జూన్ 20వ తేదీన, తొంబదియేండ్ల ప్రాయమున, బొంబాయిలో ఆయన కన్నుమూసెను. 1990లో కోయంబత్తూరున వెలసిన పక్షిశాస్త్ర పరిశోధనకేంద్రము ఆయన పేరనే నడచుచున్నది.

సలీం అలీ తిరిగిన నాటి హైదరాబాదు నేడు లేదు. చంపాపేట్ నుండి తూర్పునకు పోయినచో, వనస్థలిపురము దాపున మహావీర హరిణవనస్థలి కలదు. నిజాముల వేటతావుగా నుండిన ఆ ముండ్లపొదల నేల 1975లో రక్షితవనమయ్యెను, 1994లో జాతీయవనమయ్యెను. జింకల కొరకు కాపాడిన ఆ కంపలో చిన్నపక్షులును తలదాచుకొనుచున్నవి. కాని దూరమునుండి అలసి వచ్చు పిట్ట కొక్క వనము చాలదు. అది ఊరిలోని ప్రతి కంచెను, ప్రతి పొదను బసగా చేసికొనును. గోడ కట్టినచోట పొద పోవును. మందు చల్లినచోట పురుగు పోవును. పొదయు పురుగును పోయినచో, సైబీరియానుండి వచ్చిన అతిథికి మన వాకిట పట్టెడన్నము లేనట్లే యగును.

బాలబాలికలారా! మీలో ప్రతివాడును సలీం అలీ కాలేకపోవచ్చును. కాని ఒక పుస్తకమును, పెన్సిలును చేతబట్టి ఉదయమున ఇంటి వెనుకకు పోవుట ఎవరికిని కష్టము గాదు. కదలక నిలువుడు. సద్దు వినుడు. రంగు, పరిమాణము, నడత, తావు, తేదీ వ్రాసికొనుడు. తెలియనిది తెలియదనియే వ్రాయుడు, తెలిసినవారి నడుగుడు. గొంతుపై పసుపుచుక్కను చూచి ఒక బాలుడు అడిగిన ప్రశ్న ఎంత దూరము పోయెనో మీరు చదివితిరి గదా! కార్తికమాసమున మీ పెరటి కంపలో చెక్, చెక్ అను సద్దు వినబడినప్పుడు, అది కంపజిట్ట యని గుర్తించి, మీ యింట పెద్దలకు చూపి, ఆ యొక్క పొదను నరుకక విడువుడని వేడుకొనుడు. రాబోవు చలికాలమున ఆ పిట్ట ఆ పొదను వెదకికొనుచు రావచ్చును.